మూత మీది పసుపు చీటీ

"తెరిచి చూశా నోరీన్, దాంట్లో తీగలే లేవు. ఆ కార్డు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే."

నవంబరులో మా ఆయన వెండెల్ అన్న మాట ఇది. నేనప్పుడు అతని గని బూట్ల అడుగున పేరుకున్న మంచు గీకుతున్నాను. "అలాగా" అన్నాను. ఆ మాట గురించి అంతకంటే ఆలోచించలేదు. మగవాడు చూశానంటే చూసినట్టే కదా అనుకునే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే వచ్చాను.

ఆ లాప్‌టాప్ నేను పనిచేసే బడి వాళ్ళు పాతబడిందని ఇచ్చేసినది. అన్నీ పనిచేస్తాయి గానీ, గాల్లోంచి ఇంటర్నెట్ అందుకునే కార్డు లోపల లేదు. మా ఇంట్లో ఇంటర్నెట్ తీగ బేస్‌మెంట్‌లో వెండెల్ బల్ల దాకానే వస్తుంది. అక్కడి నుంచి వంటింటికి పొడుగు తీగ లాగుదామంటే, మెట్ల మీద ఎవరి కాలికో తగులుకుని మెడ విరుగుతుందని నేనే వద్దన్నాను. నాకు అన్నీ అలాగే కనిపిస్తాయి. చివరికి ఆ మోడల్‌కి సరిపోయే కార్డు పోస్టులో తెప్పించాను. బిస్కెట్టంత ఉంది. "శనివారం పెడతాలే" అన్నాడు వెండెల్. అలాంటి శనివారాలు కొన్ని గడిచాక చెప్పిన మాటే, కార్డుకి తగిలించే తీగలు లోపల లేవని.

నాకు కావలసింది గంటన్నర ఇంటర్నెట్. బడి వంటింటి పెద్దావిడ జూన్‌లో దిగిపోతుంది. ఆ ఉద్యోగానికి ఒక పరీక్ష ఉంది, కంప్యూటర్ మీదే రాయాలి. మొదలుపెడితే ఆగదు. ఐదు నిమిషాలు తాకకపోతే దానంతటదే మూసుకుపోతుంది. మూడుసార్లే అవకాశం. మొదటిసారి వెండెల్ కంప్యూటర్ మీద కూర్చున్నాను. పైన మా పాప బ్రిటా దగ్గినట్టనిపించి పరుగెత్తాను. దానికి తొమ్మిదేళ్ళు, ఉబ్బసం. ఇల్లు వేడిచేసే పొయ్యి మోతలో, పెద్ద ఫ్రీజర్ మోతలో కింద సరిగా వినపడదు, వినపడనప్పుడే నాకు ఎక్కువ వినపడుతుంది. పిల్ల హాయిగా బొమ్మలు చూస్తోంది. కిందికి వచ్చేసరికి పరీక్ష మూసుకుపోయింది. రెండోసారి వెండెల్ వచ్చి, "ఒక్క పది నిమిషాలు లే, పడవ ఇంజను వేలం అయిపోతోంది" అన్నాడు. లేచాను. ఎందుకని అడగకుండానే లేచే అలవాటు నడుములో ఉంటుంది, బుర్రలో కాదు. గ్రంథాలయం శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు, మిగతా రోజులు బ్రిటాని ఎవరి దగ్గర వదలను? మూడో అవకాశానికి గడువు జనవరి ఆఖరి శనివారం, సాయంత్రం ఆరు.

ఆ శనివారం వెండెల్ పొద్దున్నే గడ్డకట్టిన చెరువు మీద చేపలకి వెళ్ళాడు. మధ్యాహ్నం రెండింటికి నేను ఆవిరిగది పొయ్యి రాజేసి, గ్యారేజీ వెనక కట్టెలు పేర్చి వచ్చాను. ఆవిరిగది మా అత్తవారి తాతలు ఫిన్లాండ్ నుంచి తెచ్చుకున్న ఆచారం. శనివారం ఆవిరి తప్పితే వారమే గడవనట్టు. మొదటి ఆవిరి మగవాళ్ళది. మాకు మిగిలిన వేడి. కట్టెలు మోసేది మాత్రం మేమే.

తీగల్లేకపోయినా ఒకసారి చూద్దామనిపించింది. కారణం అడిగితే చెప్పలేను. గడువు దగ్గరపడితే మనిషి ఖాళీ డబ్బాలు కూడా మళ్ళీ మళ్ళీ తెరుస్తుంది. బల్ల మీద తువాలు పరిచి, బ్యాటరీ తీసి, లాప్‌టాప్ బోర్లించాను. కార్డుతో వచ్చిన కాగితంలో నాలుగు బొమ్మలున్నాయి. అడుగున చిన్న మూత, రెండు స్క్రూలు. ఆ మూత మీద బడి వాళ్ళ పసుపు చీటీ, దాని మీద సంఖ్య. చీటీ సగం మూత మీద ఉంది, సగం లాప్‌టాప్ మీద ఉంది.

ఎక్కడా చిరగలేదు.

వేలితో అంచంతా తడిమాను. దాన్ని చింపకుండా ఆ మూత తెరవడం ఎవరి తరమూ కాదు. అంటే వెండెల్ తెరవలేదు. తీగల్లేవన్నది చూడని మాట. కోపం వస్తుందేమోనని కాసేపు ఆగాను, రాలేదు. అతను నన్ను మోసం చెయ్యాలని కూడా అనుకుని ఉండడు. పిల్ల పదిసార్లు పిలిస్తే ఊఁ అంటామే, అలా అన్నాడు. అయితే అదొక్కటేనా అన్న ఆలోచన వచ్చింది. "పొయ్యి గొట్టం చూశా." "కారు బ్రేకులు చూశా." "పొగ గంటకి కొత్త బ్యాటరీ వేశాలే, ఎందుకంత బెంగ?" పన్నెండేళ్ళుగా అతని 'చూశా' మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాను.

కుర్చీ ఎక్కి, ఇంట్లో పొగ లేస్తే మోగాలని బ్రిటా గది బయట పెట్టిన ఆ గంట మీట నొక్కాను. మోగలేదు. మూత తిప్పి చూస్తే లోపల పాత బ్యాటరీ, చివర పచ్చగా పొక్కులు. కొత్తది వంటింటి సొరుగులో కవరు విప్పకుండా పడి ఉంది. వేశాను, నొక్కాను, ఇల్లు అదిరింది. బ్రిటా చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఏం కాలింది?"

"ఏమీ కాలలేదు. ఇలా వచ్చి నా పక్కన కూర్చో, బొమ్మలేసుకో. నీ ఊపిరి నాకు వినపడాలి."

"నా ఊపిరి బాగానే ఉందమ్మా, నీదే బాలేదు."

కూరగాయల కత్తితో ఆ చీటీని సరిగ్గా అతుకు మీదే కోశాను. బడి వంటింట్లో మాంసం కోసే యంత్రాన్ని రోజూ విప్పి, కడిగి, బిగించేది నేనే. విప్పిన ముక్కలు ఎడమ నుంచి కుడికి వరసగా పెడతాం. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి. ఎవరి వేలూ తెగలేదు ఇన్నేళ్ళలో. దాన్ని ఎవరూ యంత్రాల పని అనరు, గిన్నెలు తోమడం అంటారు. కళ్ళజోడు బిగించే బుల్లి స్క్రూడ్రైవర్‌తో రెండు స్క్రూలూ తీసి తువాలు మీద పెట్టాను.

మూత ఎత్తబోతూ ఆగాను. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. మా వైపు చలికాలంలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, తలుపు పిడి ముట్టుకుంటే నిప్పురవ్వ లేస్తుంది, రాత్రి దుప్పటి దులిపితే మెరుస్తుంది. ఆ రవ్వ ఒక్కటి చాలు కార్డు చావడానికి. మేజోళ్ళు విప్పి కింద పడేశాను, ఉన్ని స్వెటరూ తీసేశాను, గాలికి తడి తగలాలని పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు మరగపెట్టాను, ఒంట్లో రవ్వ దిగిపోవాలని కుళాయి ఇనుము పట్టుకుని మనసులో పది అంకెలు లెక్కపెట్టాను. వట్టికాళ్ళతో ఆ చల్లటి నేల మీద నిలబడి మూత ఎత్తాను.

తీగలున్నాయి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. చిన్న ప్లాస్టరు ముక్క కింద బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

కార్డుని ఏటవాలుగా గాడిలోకి దూర్చి, నెమ్మదిగా కిందికి నొక్కితే రెండు పక్కలా కొక్కేలు టిక్కుమన్నాయి. తీగల చివర ఆవగింజంత టోపీలు. తెల్లది ఒకటో గుర్తు మీద, నల్లది రెండో గుర్తు మీద. నొక్కడానికి చచ్చేంత భయం, నొక్కకపోతే పట్టవు. మూత పెట్టి చూస్తే ఒక స్క్రూ లేదు.

"బ్రిటా! నోరు తెరు."

"నేను తినలేదమ్మా!"

"తెరు ముందు. నాలుక ఎత్తు."

స్క్రూ నా ఉన్ని మేజోడులో దొరికింది. బ్రిటా నాతో మాట్లాడ్డం మానేసి బొమ్మలో నాకు పెద్ద పెద్ద పళ్ళు వేసింది.

బ్యాటరీ పెట్టి తెరిస్తే లాప్‌టాప్ ఏ ఇంటర్నెట్టూ లేదంది. మళ్ళీ అన్నీ విప్పాను. నల్ల తీగ టోపీ సగమే కూర్చుంది. ఈసారి గోటితో గట్టిగా నొక్కాను, టిక్కు వినపడింది. తెరిస్తే తెర మీద పొరుగింటి ఇంటర్నెట్ పేరు, ఎదురింటి పేరు, వాటి కింద మాది. బేస్‌మెంట్‌లో ఇంటర్నెట్ పెట్టె అడుగున రాసి ఉన్న అక్షరాలు కాగితం మీద రాసుకొచ్చి కొట్టాను. వంటింటి బల్ల మీద, పిల్ల పక్కన, ఇంటర్నెట్ వచ్చింది.

నాలుగింటికి వెండెల్ వచ్చి, చేపల బకెట్ గుమ్మంలో దింపి, నా వైపు చూడకుండానే ఆవిరిగదికి వెళ్ళిపోయాడు. "పొయ్యి బాగా మండుతోందిగా? మధ్యలో కట్టెలు తే" అన్నాడు పోతూ. వెనకే మా అత్తగారు ఐలీ, చేతిలో యాలకుల రొట్టెతో వచ్చింది.

"ఏమే నోరీన్, కాళ్ళకి మేజోళ్ళేవీ? జలుబు చేసి పడుకుంటే నీ మొగుడికి ఎవరు వండుతారు?"

"రండి అత్తయ్యా. కాఫీ ఉంది, పోసుకోండి. నేను గంటన్నర లేవను."

ఆవిడ నన్నూ లాప్‌టాప్‌నీ మార్చి మార్చి చూసింది. "గ్యారేజీ వెనక కట్టెలు బాగా పేర్చావు. అంత పొందిగ్గా నేను కూడా పేర్చలేదు ఎన్నడూ" అని, తనే కాఫీ పోసుకుని బ్రిటా పక్కన కూర్చుంది. పరీక్ష మొదలుపెట్టాను. వండిన మాంసం ఎంత వేడిలో ఉంచితే చెడిపోదు. కోడి కోసిన బల్ల దేనితో తుడవాలి. ఇవన్నీ నా చేతులకి తెలిసినవే. ప్రశ్నలుగా చదవడమే కొత్త. మధ్యమధ్యలో బ్రిటా ఊపిరి వింటున్నాను, వింటూనే రాస్తున్నాను.

ముప్పయ్యో ప్రశ్న దగ్గర వంటింటి కిటికీ దబదబా మోగింది. మంచులో వెండెల్, నడుముకి తువాలు, కాళ్ళకి గని బూట్లు, భుజాల నుంచి పొగలు.

"నోరీన్! పొయ్యి ఆరిపోతోంది. కట్టెలేవీ?"

అత్తగారు అప్పటికే లేచింది. కోటు ఒక చెయ్యి తొడుక్కుంది కూడా. డెబ్బయ్యేళ్ళ మనిషి, ఎవరూ చెప్పకుండానే. నేను కుర్చీలోంచి కదలకుండా కిటికీ వైపు తల తిప్పాను. బయట సున్నా కింద ఇరవై. గ్యారేజీ వెనక్కి అతను వెళ్ళి చూడడని నాకు తెలుసు.

"చూశా వెండెల్" అన్నాను. "అక్కడ కట్టెల్లేవు."

అతని భుజాల మీద పొగలు తగ్గాయి. ఏదో గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు. అత్తగారు ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని నా వైపే చూస్తోంది. తర్వాత కోటు విప్పి కుర్చీకి తగిలించింది, కూర్చుంది, రొట్టె తుంచి ఒక ముక్క బ్రిటాకిచ్చి, ఒక ముక్క నా మోచేతి దగ్గర పెట్టింది.

నేను ముప్పై ఒకటో ప్రశ్న తెరిచాను.