రెండున్నర గింజలు

రాత్రి నానబెట్టిన బాదం గింజలు పది. ఆమె వాటి తొక్క వలిచి చిన్న గిన్నెల్లో సర్దుతోంది. భర్తకు నాలుగు, మామగారికి నాలుగు, అత్తగారికి రెండు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఈ వాటా మారింది లేదు. "నువ్వూ తినొచ్చుగా, ఎవరు వద్దన్నారు?" అంటాడు భర్త. పాపం, మంచివాడే. కాకపోతే ఆ మాట గిన్నె ఖాళీ అయ్యాకే గుర్తొస్తుంది. అత్తగారిది ఇంకో పద్ధతి. "పొద్దుటి నుంచీ వంటింట్లో వాసనలు పీలుస్తూనే ఉంటావు, నీకు ఆకలేం వేస్తుందే?" మొదట్లో ఆ మాటకు కళ్లు చెమర్చేవి. ఇప్పుడేమీ కాదు. చెవిలో పడుతుంది, పోతుంది.

ఆమె పనిచేసేది పోషకాహార పరిశోధనశాలలో. ఏయే దేశాల జనం విటమిన్ ఇ ఎంత తింటున్నారు, వాళ్ల రక్తంలో ఎంత ఉంటోంది అని ప్రపంచమంతటి అంకెలతో పెద్ద పట్టిక ఒకటి తయారవుతోంది. అందులో తమ దేశం వరుస కోసం రెండు వందల ఇళ్లు తిరిగింది ఆమే. ఇంటికి నూనె ఎంత వస్తుందో, గింజలెన్ని వస్తాయో రాసుకోవడం, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ సమానంగా భాగించడం, అందరి రక్తమూ తీయించడం. మొదటి ఫారం తన ఇంటిదే. దాని ప్రకారం ఆమె రోజూ రెండున్నర బాదం గింజలు తింటోంది.

ఆ మధ్యాహ్నం రక్తం ఫలితాలు వచ్చాయి. మగవాళ్ల అంకెలు కాగితం మీది లెక్కకు ఏమాత్రం తగ్గకుండా ఉన్నాయి. ఆడవాళ్లలో నూట పదకొండు మందివి అట్టడుగున ఉన్నాయి. వాటిలో తనదీ ఒకటి. ఎవరిదో బస్సు టికెట్టు చూసినట్టు చూసింది దాన్ని. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు.

పెద్దసారు కళ్లజోడు సర్దుకున్నాడు. "తిండి బాగానే ఉందిగా అమ్మా, మరి రక్తంలో ఎందుకు లేదు? వెలుతురు తగిలితే ఈ విటమిన్ పాడైపోతుంది. ట్యూబులకు రేకు చుట్టడం మర్చిపోయి ఉంటావు. ఆ నూట పదకొండూ పాడైన శాంపిళ్లని సంతకం పెట్టెయ్, తీసేద్దాం. మన వరుస శుభ్రంగా ఉంటుంది."

సంతకం పెడితే ఆ ఆడవాళ్లంతా ప్రపంచ పట్టికలోంచి మాయమవుతారు, ఆమెతో సహా. పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. ఆలోచించకుండా సరేననడం ఎప్పటి నుంచో అలవాటు. అప్పుడు తన ఇంటి నాలుగు ట్యూబులు గుర్తొచ్చాయి. ఒకే పెట్టె, ఒకే రేకు, తన చేత్తోనే చుట్టింది. వెలుతురు ఏరి ఏరి కోడలి రక్తం మీదే పడుతుందా?

"రేకు చుట్టాను సార్. తప్పు రక్తంలో లేదు, మన భాగహారంలో ఉంది. ఇంటికొచ్చిందంతా అందరూ సమానంగా తింటారని రాసేశాం. ఎవరి కంచంలో ఎంత పడిందో అడగలేదు."

"ఇప్పుడు మళ్లీ రెండు వందల ఇళ్లు ఎవరు తిరుగుతారు?"

"నేనే." కాగితం సంతకం లేకుండానే బల్ల మీద పెట్టేసింది.

"నీ ఇష్టం. నెల రోజులే గడువు," అన్నాడాయన విసుగ్గా.

మర్నాడు పొద్దున అదే వంటిల్లు, మళ్లీ పది గింజలు. వలిచింది. చాకుతో రెండింటిని సగానికి కోసింది. నాలుగు గిన్నెలు బల్ల మీద పెట్టి, తానూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

భర్త తన గిన్నెలోకి వంగి చూశాడు. "ఇదేంటి, నాకు నాలుగు కదా?"

"కాగితం మీద ఎప్పుడూ రెండున్నరేనండీ," అంది ఆమె, తన గింజ నములుతూ.