పాప టోపీ అచ్చు

మా ఆవిడ ఎస్తేరమ్మకు రేకు మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసే నా కళంటే గిట్టదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉన్న ఒక్క స్నానాలగదిలో యాసిడ్ తొట్టె పెడితే ఏ ఇల్లాలికి గిట్టుతుంది? నేను లెక్కచేయలేదు. పగలంతా వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో ఎవడో గీసిన బొమ్మల మీద పల్చటి కాగితం పరిచి దిద్దేవాణ్ణి. ఇంటికొచ్చాకైనా నా బొమ్మ నేను చేసుకోవద్దా?

అరవై ఏడులో కలకత్తా ప్రదర్శనకు కొత్త పద్ధతిలో ఒకటి పంపాలనుకున్నాను. జింకు రేకు మీద మైనం, గ్రీజు కలిపి పూసి, పైన బట్ట పరిచి నొక్కాలి. బట్ట ఎత్తితే దారాలు తాకినచోటల్లా మైనం ఊడొస్తుంది. యాసిడ్ అక్కడే రేకును తింటుంది. సిరా పూసి అచ్చు తీస్తే పోగు పోగూ కాగితం మీద కనిపిస్తుంది. గోనెపట్టా, దోమతెర, నా బనీను అన్నీ నొక్కి చూశాను. ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు.

అప్పుడు ట్రంకుపెట్టెలోని టోపీ గుర్తొచ్చింది. అయిదు నెలలకే పోయిన మా పాపకు ఎస్తేరమ్మ అల్లిన లేసు టోపీ. నాలుగేళ్లుగా దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అడిగితే ఇవ్వదని తెలుసు కాబట్టి ఆదివారం ఆమె చర్చికి వెళ్లాక తీశాను.

అచ్చు అద్భుతంగా వచ్చింది. టోపీకి మాత్రం మైనం పట్టేసింది. నేనేం రాక్షసుణ్ణి కాదు. కిరసనాయిల్లో నానబెట్టి, సబ్బుతో రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేశాను. మునుపటికంటే తెల్లగా తేలింది.

ఎస్తేరమ్మ రాగానే టోపీ, అచ్చు రెండూ చేతిలో పెట్టాను. ఇక మన పాప ఈ రేకుతో తీసే ఇరవై కాగితాల మీద బతికుంటుందని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు. టోపీని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“దీన్నేటి సేసినారు?”

మైనం పోవాలని ఉతికానన్నాను.

“నాలుగేళ్లయి నీళ్లు తగలనిచ్చినాను కాదండి. పాప తల వాసన ఇందులోనే ఉండీది. ఈ కాగితంలో ఉందేటి?”

నాకు సిగ్గేసింది. తలెత్తలేకపోయాను. అయితే అది ఒక్క నిమిషమే. తలెత్తేసరికి ఆమె ముఖం కనిపించింది. పెళ్లయిన పదేళ్లలో ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. బల్ల మీద మైనం పూసిన రేకు ఇంకొకటి సిద్ధంగా ఉంది. మైనం మీద బొమ్మ గీసే సూది అందుకున్నాను.

“అలాగే ఉండు, కదలకు” అన్నాను.

ఆమె కదలలేదు. కలకత్తాలో బహుమతి ఆ ముఖం బొమ్మకే వచ్చింది.