దప్పిక నేర్చిన నారు

రైతులకు సేద్యం సలహాలిచ్చే చౌడేపల్లె గ్రామసేవకుడు గంగాధరానికి నోరెక్కువ, తెలిసింది తక్కువ. ఆ నోరే 1981లో సిద్ధమ్మ కొంప ముంచింది.

రాగినారు పెరికే ముందు పది దినాలు మడికి నీళ్లు ఆపెయ్యడం సిద్ధమ్మకు వాళ్లవ్వ నేర్పిన పద్ధతి. ఆ యేడు వాడిన మడిని చూసి గంగాధరం గట్టుమీదనుంచే కేకలేశాడు.

"యాలమ్మా పసిబిడ్డల నోళ్లు ఎండగడ్తాండావు? దినామూ తడుపు. లేదంటే వచ్చే యేడు సబ్సిడీ ఇత్తనాలు అడగొద్దు, సూడు!"

పాపం, భయపడి తడిపింది. నారు పచ్చగా నవనవలాడింది. నాటిన వారానికే వాన మొహం చాటేసింది. అసలే చౌడు నేల, ఆమె పైరు నిలువునా మాడిపోయింది. పక్క చేని బైరప్ప గంగాధరం మాట పెడచెవిన పెట్టి నారు ఎండబెట్టాడు. అతని రాగి మాత్రం నిలబడింది. ఏడాది సంగటి పోగొట్టుకున్న సిద్ధమ్మ ఇప్పుడు బైరప్ప చేనికే కూలికి పోతోంది.

ఆ తర్వాత మదనపల్లెలో ట్రైనింగు. ఆఫీసరు చెప్పుకుపోతున్నాడు.

"నీళ్లు తగ్గితే మొక్క తనలోనే ఒక హార్మోను తయారు చేసుకుంటుంది. అది ఆకుల మీది సన్న రంధ్రాలు మూసి, ఉన్న తేమను కాపాడుతుంది. నారుమడిలోనే కాస్త దప్పిక చూసిన మొక్క తర్వాత కరువునూ, చౌడునూ తట్టుకుంటుంది. మీ ఊళ్లలో ఇలా చేయించేవాళ్లెవరైనా ఉన్నారా?"

గంగాధరానికి సిద్ధమ్మ మాడిన చేను గుర్తొచ్చింది. తల దించుకుని కూర్చున్నా సరిపోయేది. ఖర్మ, చెయ్యెత్తాడు!

"నేనే చేయిస్తాండాను సార్."

అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండానే ఆఫీసరు జీపులో దిగాడు. గంగాధరం బైరప్ప చేను చూపించాడు. బైరప్ప పుంగనూరు సంతకు పోయాడు. కలుపు తీస్తున్నది సిద్ధమ్మ ఒక్కతే. చచ్చాన్రా అనుకున్నాడు. ఆమె నిజం చెప్పిందంటే పరువూ పోయె, ఉద్యోగమూ పోయె.

"ఈ నారు ఎండబెట్టే పద్ధతి మీకెవరు చెప్పారమ్మా?" అడిగాడు ఆఫీసరు.

సిద్ధమ్మ గంగాధరాన్ని ఒకసారి చూసింది, జీపును ఒకసారి చూసింది.

"ఈయప్పే సార్."

ఆఫీసరు గంగాధరం భుజం తట్టి వెళ్లిపోయాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది గానీ, దాని వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ఆమె చేను మాడ్చిందీ తనే, ఆమె అవ్వ పద్ధతిని తనదని చెప్పుకున్నదీ తనే. థూ, ఇదీ ఒక బతుకేనా!

"అట్ల యాల చెప్పినావు సిద్ధమ్మా?" అడిగాడు అతను.

"ఆపీసర్ల ముందర ఇంకేం చెప్తామప్పా."

ఆమె కొడవలి పక్కన పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, తటపటాయిస్తూ అడిగింది.

"అయితే అప్పా, వచ్చే యేడు నేను నారు ఎండబెట్టుకోవచ్చునా? నువ్వు తిట్టవు గదా?"