డెలానీ పేరు మీద కాలిన కరెంటు

పొద్దున బస్సులో డెలానీ పక్క సీటుకి గిరాకీ ఎక్కువ. ఇంకా తెల్లారదు, బస్సులో లైట్లు సరిగ్గా వెలగవు. ఆమె చేతులు మాత్రం మోచేతుల నుంచి వేళ్ళ దాకా సన్నగా వెలుగుతూ ఉంటాయి. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ వెలుగులో పేపరు చదువుకుంటారు, కళ్ళజోడు మరిచిపోయిన ముసలాయన అయితే "కొంచెం ఇటు జరుపమ్మా" అంటాడు కూడా. తను పనిచేసే బడి వంటింటి దగ్గర ఆమె దిగిపోతే అందరూ పేపర్లు మడిచేస్తారు.

ఒహాయో నది ఒడ్డున ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు వీధికొకరు ఉంటారు. పాత బాకీల వల్ల అమ్మానాన్నల పేరు చెల్లకపోతే పసిపిల్లల పేరు మీద కరెంటు పెట్టించిన ఇళ్ళలో పెరిగినవాళ్ళు. ఎవరి పేరు మీద కాలిన కరెంటు వాళ్ళ ఒంట్లోనే చేరుతుంది. బాకీ కూడా అక్కడే చేరుతుంది, చిక్కల్లా అదే.

డెలానీ చెల్లెలు హేజల్‌కి తొమ్మిదేళ్ళు. తల్లి వాండా నొప్పి మాత్రల మత్తులో పడ్డాక కోర్టు ఆ పిల్లని పరాయివాళ్ళ ఇంట్లో పెట్టింది. డెలానీ అద్దెకి తీసుకున్న ఇంటిని చూడడానికి శుక్రవారం కౌంటీ పిల్లల సంక్షేమ ఆఫీసు ఆవిడ వస్తుంది. కరెంటు, ఇంటర్నెట్ ఉంటే హేజల్ అక్క దగ్గరికి వస్తుంది. లేకపోతే దూరపు ఊరివాళ్ళెవరో పెంచుకోవడానికి తీసుకుపోతారు.

ముందే డబ్బు కట్టే ఇంటర్నెట్ డబ్బా ఎవరి పాత బాకీల జాతకమూ అడగలేదు. కానీ కరెంటు లేకపోతే అది ఉత్త డబ్బా. డెలానీ చేత్తో పట్టుకుంటే పనిచేస్తుంది, వదిలితే ఆరిపోతుంది. రోజంతా దాన్ని పట్టుకుని కూర్చుంటే పిల్లకి వండి పెట్టేదెవరు?

"పాత బాకీ తీర్చి డిపాజిట్ కట్టు తల్లీ," అంది కరెంటాఫీసు కౌంటర్‌లో జెనీవా. "లేదా మీ అమ్మ నీ పేరు వాడుకుందని పోలీసు కంప్లయింటు పట్టుకురా."

"అమ్మని జైల్లో పెట్టించి చెల్లెల్ని తెచ్చుకోమంటారా?"

"ఇంకో దారి ఉంది, నీకూ తెలుసు. మీ అమ్మ ఇక్కడికొచ్చి ఒప్పుకోవాలి."

ఒప్పుకుంటే వెలుగూ బాకీ రెండూ చేతులు మారతాయని ఊరందరికీ తెలుసు. వచ్చి ఒప్పుకున్నవాళ్ళే తక్కువ. ఒప్పుకున్నవాళ్ళకి మళ్ళీ తమ పేరు మీద కనెక్షన్ దొరకదు.

గురువారం వాండా బడి వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చిక్కి సగమైంది, కానీ కళ్ళు తేటగా ఉన్నాయి. డెలానీ కరెంటు కోసం తిరుగుతోందన్న మాట ఆమె చెవినా పడింది.

"పద, ఆఫీసుకి వెళ్దాం."

"ఇన్నేళ్ళు ఏం చేశావు?"

"సిగ్గుపడ్డాను." వాండా నేలచూపులు చూసింది. "నీకు చిన్నప్పుడు ఆయాసం. ఆ ఊపిరి మిషను తిరగకపోతే ఊపిరాడేది కాదు. నా పేరు చెల్లదన్నారు, నీ పేరు చెప్పాను. అందుకు నేనేం బాధపడను. నీకు నయమయ్యాకైనా నా మీదకి మార్చుకోవాల్సింది. మార్చుకోలేదు."

డెలానీకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ పైకి రానివ్వకుండా ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది.

ఆఫీసులో వరస పెద్దగా ఉంది. అందరూ వింటుండగా వాండా కూతురి చేతులు రెండూ పట్టుకుని, "ఆ కరెంటు వాడింది నేను. ఆ బిల్లు నాది," అంది. వెలుగు డెలానీ వేళ్ళలోంచి మెల్లగా తల్లి చేతుల్లోకి పాకి, మెడ దాకా ఎక్కింది. డెలానీ చేతుల మీద పుట్టుమచ్చలు మొదటిసారి బయటపడ్డాయి. జెనీవా ఒకసారి చూసి, కంప్యూటర్లో బాకీ పేరు మార్చి, డెలానీ ఇంటికి కనెక్షన్ రాసేసింది.

శుక్రవారం కౌంటీ ఆవిడ గదిగదికీ తిరిగి స్విచ్చులు వేసి చూసి వెళ్ళింది. సాయంత్రానికల్లా హేజల్ బట్టల సంచీతో దిగింది. బీన్స్, మొక్కజొన్న రొట్టె తిని కిటికీ దగ్గర కూర్చుంది.

"అక్కా, నది అవతల ఏదో వెలుగుతోంది."

"అమ్మ."

"మనింటికి రాదా?"

"ఈ గడప తొక్కకూడదని కోర్టు చెప్పింది."

హేజల్ కిటికీ అద్దానికి ముక్కు ఆనించింది. "కనిపించకూడదని చెప్పలేదుగా?"

"అలా చెప్పలేదు," అంది డెలానీ. లేచి వెళ్ళి, వారమంతా దేనికోసం తిరిగిందో ఆ లైటు ఆర్పేసింది. చీకట్లో అమ్మ ఇంకా బాగా కనిపించింది.