తీగకు గుచ్చిన ఉత్తరం

చూపు పోయాక జగన్నాథరావు గారికి పాత ఉత్తరాలు వినడమే కాలక్షేపం. మొగల్తూరు మేడలో యాభై ఏళ్లుగా తన పేర వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఆయన ఇనప తీగకు గుచ్చి దాచారు. చావు కబురు తెచ్చిన కార్డులను మాత్రం గుమ్మం బయటే చింపేసేవారు. చెల్లెలు వరహాలక్ష్మి భర్త భిలాయిలో పోయాడన్న కార్డునూ అలాగే చింపేశానని చెప్పి, అరవై రెండులో ఆమె బొట్టు తీయించారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో వంట ఆమెదే.

ఆ రోజు చదువుతూ చదువుతూ ఆమె ఒక దస్తూరీ దగ్గర ఆగిపోయింది. తేదీ అరవై ఆరు.

"'బావగారూ, లక్ష్మిని పంపించండి. ఇక అడగను.' అన్నయ్యా, ఈయన పోయారన్నావు కదా?"

"పోతే చింపేసేవాణ్ణి కదే. బతికున్నాడు గనకే గుచ్చాను," అన్నారాయన తాపీగా. "నువ్వెళ్లిపోతే వంటెవరు చేస్తారు?"

ఆమె ఆ ఉత్తరం వెనక చిరునామా వెతుక్కుంది.

"అదెందుకే ఇప్పుడు? తర్వాతది చదువు."

తర్వాతది భిలాయి నుంచే వచ్చిన, నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ. వరుడి పేరు వరహాలక్ష్మి బయటికి చదవలేకపోయింది.

"ఆగావేం?" అన్నారాయన.