పెట్టని మందు

మా అత్త మహాలక్ష్మమ్మ నోరు మంచిది కాదని నేనంటే, కోడలు కాబట్టి అంటోందంటారు. పోనీ, హౌరా పక్కన లిలువాలో మా కుళాయి దగ్గర ఎవర్నైనా అడగండి. ఆవిడ గొంతు ముందు రైల్వే వర్క్‌షాపు సైరను కూడా దిగదుడుపే. ఆ నోటి పుణ్యమా అని మా ఆయన పదిమంది కాపలాలో సీసాలో ఉచ్చ పోయాల్సి వచ్చింది.

మా ఆయన అప్పలసూరికి సైకిలు పందేలంటే ప్రాణం. వర్క్‌షాపులో టెంపరరీ ఖలాసీగా చేస్తూ, ఖాళీ దొరికితే చాలు సైకిలెక్కి జి.టి. రోడ్డు పట్టుకునేవాడు. కలకత్తా పేరు కోల్‌కతాగా మారిన కొత్తలో ఒక పెద్ద పందెం మా లిలువాలోనే పెట్టారు. అందులో నెగ్గితే ఆటగాళ్ళ కోటాలో పర్మనెంటు చేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. అదే జరిగితే కొత్త కాపురంవాళ్ళం, మా పంట పండినట్టే.

పందేనికి ముందురోజు పొద్దున్నే ఆయన నా రెండు బిందెలూ రేసు సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని కుళాయికి వచ్చాడు. నాకు నడుం నొప్పని కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నీళ్ళు తనే తెస్తాడు, నేను పంపలేదు. అది చూసినప్పుడల్లా మా అత్తకు ఒళ్ళు మండుతుంది, ఆ రోజూ మండింది. వరసలో ఉన్న అమ్మలక్కలందరికీ వినబడేలా అందుకుంది.

"సూసేరేటే! ఈడి బాబు సచ్చేదాకా నాకు సెంబుడు నీల్లు ముట్టించినేదు. ఈడు సూడండి, పెల్లానికి బిందెలు మోస్తన్నాడు. ఇది మందెట్టీసిందే నా కొడుక్కి! కూట్లో కలిపెట్టీసింది!"

మా శ్రీకాకుళం వైపు మందు పెట్టడమంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. మొగుణ్ణి కొంగున ముడేసుకోడానికి పెళ్ళాం అన్నంలో ఏదో కలిపి పెడుతుందని చెప్పుకుంటారు. ఆడవాళ్ళు నవ్వేసి బిందెలు నింపుకున్నారు. తెలియనివాడు ఒక్కడే, నీళ్ళకొచ్చిన కామేష్. మా ఆయనకు పోటీగా వేరే క్లబ్బు తరఫున తొక్కుతాడు. లిలువాలోనే పుట్టి పెరిగాడు, ఇంట్లో వినే తెలుగు సగమే అర్థమవుతుంది. మందంటే బెంగాలీలో ఓషుధ్ కదా అనుకుని, "సూరి దాదాకి వాళ్ళావిడ ఓషుధ్ కలిపి పెడుతోందట, వాళ్ళమ్మే అంది" అని తన కోచ్‌కి చెప్పేశాడు. చెడ్డవాడేం కాదు, తెలివితక్కువవాడంతే.

మర్నాడు పందెంలో మా ఆయన నెగ్గాడు, కామేష్ రెండోవాడిగా వచ్చాడు. నేను గంతులేస్తుండగానే కామేష్ కోచ్ వెళ్ళి, జోరు పెంచే మందు తిని నెగ్గాడని ఫిర్యాదు పెట్టాడు. బల్ల మీది కప్పు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. మా ఆయన్ని గుడారంలోకి తీసుకెళ్ళి, ఎదురుగా మనుషుల్ని నిలబెట్టి సీసా చేతికిచ్చారు. ఆయనకసలే సిగ్గెక్కువ. నీళ్ళు తాగించి తాగించి, పొద్దుగూకే వేళకి ఎలాగో అయిందనిపించారు. దానికి సీలు వేసి, మందులేమైనా ఉన్నాయేమో చూడ్డానికి ఢిల్లీ పంపుతామన్నారు.

"నా కొడుకు ఢిల్లీ మొకం సూడనేదు," అంది అత్త గుండె బాదుకుంటూ. "ఆడి ఉచ్చ రైలెక్కి ఎల్తంది!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ సీసాలో ఏదైనా తేలిందంటే కప్పూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. జలుబుకి మింగిన మాత్ర కూడా కొంప ముంచుతుందేమోనని నా భయం. నా పులుసు మీద నాకే అనుమానం వచ్చింది.

ఆ వారంలోనే కమిటీవాళ్ళు అత్తను సాక్ష్యానికి పిలిచారు. నేనూ తోడు వెళ్ళాను. కమిటీలో డాక్టరుగారు బెంగాలీ పెద్దాయన. ఆయన అడుగుతుంటే, అక్కడే ఉన్న కామేష్ తెలుగు చేశాడు.

"పెద్దమ్మా, మీ కోడలు మందు పెట్టిందా అని అడుగుతున్నారు."

"లేదని చెప్పత్తా," అని చెవిలో గొణిగాను.

"అబద్దమాడమంటావేటే? నానాడను," అని అత్త నా చెయ్యి విదిలించింది. "ఎట్టింది బాబూ, ఎట్టింది!"

కామేష్ కోచ్ కుర్చీలో నిటారుగా కూచున్నాడు. అది ఏ మందని డాక్టరుగారు అడిగారు.

"ఏ మందేటి? మొగుడు పెల్లాం మాట వినే మందు!" అంది అత్త. "దానికి సైకిలు జోరుగా ఎలాగెల్తాది? పెల్లాం ఎనకాల తిరుగుతాడు గానీ! ఆ మందు తిని కూడా నెగ్గేడంటే నా కొడుకు గొప్పోడు కాడేటి?"

కామేష్ తెల్లమొహం వేశాడు. ఇక లాభం లేదని నేనే సిగ్గు చంపుకుని, "వశీకరణం" అన్నాను.

"బొశీకొరోన్!" అంటూ డాక్టరుగారు బల్ల గుద్ది నవ్వారు. హౌరా లోకల్ బండి ఎక్కేవాళ్ళకి ఆ మాట తెలియకపోవడమా? రైలుపెట్టె గోడలనిండా వశీకరణం చేస్తామనే బాబాల ప్రకటనలే. కమిటీ అంతా నవ్వింది. కామేష్ చెవులు పట్టుకుని, "నేను నిజం ఓషుధ్ అనుకున్నాను వదినా" అన్నాడు. డాక్టరుగారు మాత్రం కళ్ళు తుడుచుకుని, నవ్వు నవ్వే, పరీక్ష పరీక్షే అన్నారు. ఢిల్లీ కబురు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు.

కబురొచ్చింది. కప్పు ఇచ్చే రోజున మైదానం నిండిపోయింది. డాక్టరుగారు మైకు పట్టుకుని, ఢిల్లీలో అన్నీ వెదికారని, అప్పలసూరి ఒంట్లో ఏ మందూ లేదని చెప్పారు. డప్పులు మోగాయి. కామేషే మా ఆయన్ని భుజాల మీదికెత్తుకుని గెంతాడు. అంత గోలలోనూ అత్త వేదిక ఎక్కి డాక్టరుగారిని పట్టుకుంది.

"ఏ మందూ నేదా బాబూ? సరిగ్గా సూసేరా? ఆ మందు కూడానా?"

కామేష్ చెప్పగా విని, డాక్టరుగారు నా వైపు చూశారు. నవ్వు ఆపుకుంటూ, "ఏ మందూ లేదు మాసీమా" అన్నారు, పిన్నిని పిలిచినట్టు.

అత్త దిగివచ్చి నా పక్కన కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చివరికి, "మరైతే ఆడికాడే మోస్తన్నాడేటే నీల్లు?" అంది.

"ఆయనకాయనే అత్తా."

మందు పెట్టానన్నది కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ కుళాయి దగ్గర నేను మోసిన నింద. ఉద్యోగం వచ్చినందుకు సంతోషమే, కప్పుకీ సంతోషమే. కానీ ఆ రోజు నన్ను గాల్లో తేలించింది 'ఆయనకాయనే' అన్న ఈ మాటే.

మర్నాడు ఆయన ఎప్పట్లాగే నా బిందెలు తగిలించుకుని కుళాయికి వచ్చాడు. అమ్మలక్కలంతా అత్త నోటివంక చూశారు.

"ఏటలా సూస్తారు? మందూ నేదు, మాకూ నేదు. ఢిల్లీలో సూసేరు," అని కసిరింది. "నా కడుపున పుట్టినోడు, ఆడి గునమే అది." ఆ మీదట తన బిందె ముందుకు తోసింది. "ఒరే సూరీ, ఇది కూడా ఎట్టరా సైకిలు మీద."

మూడు బిందెలూ ఆయన సైకిలు మీదే ఇంటికొచ్చాయి. అత్త వెనకాల చేతులూపుకుంటూ నడిచింది.