పాపక్క బండి ఇరుసు

1979 మే నెల. మామిడి కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో కృష్ణగిరి వ్యాపారి వాసవాంబ కారు శూళగిరి దాటాక రోడ్డు దిగి మైలురాయిని గుద్దింది. ఆమెకు దెబ్బ తగల్లేదు. ముందు మడ్‌గార్డు మాత్రం నలిగింది. అది 1929 నాటి ఫోర్డు. భర్త విశ్వేశ్వరయ్య ఆమెకు డ్రైవింగ్ నేర్పింది దాని మీదే. ఆయన పోయాక ఆరేళ్లుగా తోటల బేరాలకు ఆమె దాన్నే నడుపుకుంటూ తిరుగుతోంది.

"తప్పు కారుది కాదమ్మా, నీ చేతుల్లో పట్టు తగ్గింది," అన్నాడు కొడుకు జయరామయ్య. "యాభై ఐదేండ్లు వచ్చినాయి. ఇంక స్టీరింగ్ వదిలిపెట్టు."

వాసవాంబకు కోపం వచ్చింది. కోపంతోపాటు చిన్న అనుమానమూ వచ్చింది. ఎవరూ చూడకుండా వంటింట్లో నిండు బిందె ఎత్తి, వంద లెక్కపెట్టేదాకా పట్టుకుని నిలబడింది. చేతులు వణకలేదు. మర్నాడే కారును ట్రాక్టరుకు కట్టించి హోసూరులో సోమప్ప షెడ్డుకు తీసుకుపోయింది.

సోమప్పది బేరిగై. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, హోసూరుకు ఫ్యాక్టరీలు వచ్చాక అక్కడ మిషన్ల పని నేర్చాడు. తర్వాత బేరిగై రోడ్డు మొదట్లో సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. కారు చూడగానే స్పానర్ అందుకోలేదు. ముందు వాసవాంబను అడిగాడు.

"నడిపేటప్పుడు చేతికి ఏం తెలస్తా ఉండిందమ్మా?"

అంతకుముందు చూపించిన మెకానిక్కులెవరూ ఆమెను ఆ మాట అడగలేదు.

"నేరుగా పోయేటప్పుడు స్టీరింగ్ నాలుగు వేళ్ల మందం తిప్పినా బండికి తెలీదు. తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటాది. మలుపుల్లో మాత్రం బిగుసుకుంటాది."

"అట్లయితే మీరే కూర్చోండి. నేను చెప్పినట్ల కొంచెం కొంచెం తిప్పండి."

సోమప్ప కారు కిందికి దూరాడు. ఆమె తిప్పుతుంటే స్టీరింగ్ బాక్సు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కీలు మీద చెయ్యి పెట్టి చూశాడు. బాక్సు నుంచి కిందికి దిగే చెయ్యి వెంటనే కదిలింది. దాన్నుంచి చక్రానికి పోయే రాడ్డూ కదిలింది. రాడ్డు కొస, చక్రాన్ని పక్కలకు తిప్పే ఇనుప చేతిని పట్టుకునే చోట మాత్రం టక్కుమని చప్పుడైంది, చక్రం కదల్లేదు. తర్వాత జాకీ పెట్టి ముందు చక్రాలు పైకెత్తాడు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం తాను పక్కలకు తిరిగే కీలు కడ్డీ, కింగ్‌పిన్ మీద లొడలొడమని ఊగింది.

"బాక్సు బాగుంది," అన్నాడు బయటికి వచ్చి. "ముందర చూసినాయన బాక్సే పోయిందనుకొని దాన్ని బిగించేసినాడు. మలుపులో మీకు బిగుసుకునేది అందుకే. అసలు పోయింది ఇది."

చక్రం చేతిని ఊడదీసి ఆమె ముందు పెట్టాడు. దాని కొసన గుండ్రంగా ఉండాల్సిన బాల్ కోడిగుడ్డులా అరిగిపోయి ఉంది. కాలిపర్‌తో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి తేడా చూపించాడు.

"మరి నా చేతులు?" అని అడిగింది వాసవాంబ.

"మీ చేతులకేం? ఇట్లాంటి బాల్ పెట్టుకొని ఇన్నాళ్లూ రోడ్డు మీద నిలబెట్టినారు. ఇంకొకరైతే పోయినేడే గుంతలో ఉందురు."

వాసవాంబ ఆ రోజు బస్సులో కృష్ణగిరికి తిరిగిపోతూ కిటికీ పక్కన హాయిగా నిద్రపోయింది.

కానీ యాభై ఏళ్ల నాటి కారుకు ఆ పార్టు ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులో ఒక దుకాణం వాళ్లు ఇచ్చింది లారీది, బాల్ పెద్దది. అరిగిన బాల్ మీదే వెల్డింగ్ పోసి సానబట్టమని పక్క షెడ్డాయన సలహా చెప్పాడు. సోమప్ప తల అడ్డంగా ఊపాడు. "స్టీరింగ్‌కు నేను వెల్డింగ్ పెట్టను. మేలుమలై ఘాటు దిగేటప్పుడు అది విరిగితే ఎవరు పట్టుకుంటారు?" కింగ్‌పిన్‌లు కూర్చునే కొత్త బుష్‌లు మాత్రం లేతు మీద కంచుతో తీయించి పెట్టాడు. వాసవాంబ రోజూ బస్సులో వచ్చి, ఒక స్టూలు మీద కూర్చుని, విప్పిన పార్టులను కిరసనాయిలుతో తుడుస్తూ ఒక్కొక్క దాని పేరు నేర్చుకుంది.

ఐదో రోజు మధ్యాహ్నం ఒక టైర్ల ఎద్దుబండి షెడ్డు ముందు ఆగింది. అత్తిముగం నుంచి పాపక్క అనే రైతు హోసూరు మార్కెట్టుకు టమాటా తోలి, ఖాళీ బండితో తిరిగి పోతూ చక్రానికి గ్రీజు అడగడానికి ఆగింది. వాసవాంబ చూపు బండి కిందికి పోయింది. లేచి దగ్గరికి వెళ్లి, చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగింది.

"సోమప్పా! ఈడికి రా! మన బాల్ ఈ బండి కింద ఉండాది!"

నిజంగానే ఆ బండికి ఇరుసుగా వేసింది ఒక పాత ఫోర్డు ముందు యాక్సిల్. పాపక్క మామ ఎప్పుడో ముప్పై ఏళ్ల కింద గుజిరీలో పాత ఇనుము ధరకు కొని బండికి వేయించాడట. చక్రాలు పక్కలకు తిరగకుండా కమ్మీతో బిగించేశారు. అందుకే కీళ్లు తిరగనూ లేదు, అరగనూ లేదు. సోమప్ప బాల్ మీది మట్టి గీకి కాలిపర్ పెట్టాడు. ఎటు కొలిచినా ఒకటే కొలత.

"నా బండి కాలు తీసి మీ కారుకు పెడతారా?" అంది పాపక్క నడుం మీద చేతులు పెట్టుకుని. "నేను యాడికి పోవాల?"

వాసవాంబ కారు నుంచి తీసిన చక్రం చేతిని తెచ్చి ఆమెకు చూపించింది. "పాపక్కా, కారుకు చక్రం తిరగాల. నీ బండికి తిరగకూడదు. నువ్వు తిప్పేది ఎద్దుల్ని కదా. నావి నీ బండికి వేసి కదలకుండా బిగించేస్తే నీకేం కొరత లేదు. నీవి నాకు ప్రాణం."

పాపక్క ఎడమ టైరును చూపించింది. "ఈ చక్రం ఎప్పుడూ పక్కకు చూస్తాది. ఏడాదికొక టైరు తింటాది. దాన్ని నేరుగా నిలబెడతారా?"

"నిలబెడతా," అన్నాడు సోమప్ప. "నీకది వట్టి ఇరుసు, ధైర్యంగా వెల్డింగ్ పెట్టేస్తా."

"పొద్దు వాలే లోపల నా బండి నాకు కావాల."

ఎద్దులను విప్పి గడ్డి వేశారు. చక్రం చేతులు ఊడి రావాలంటే ముందు కింగ్‌పిన్‌లు కొట్టి తీయాలి; కుడివైపుది సులువుగానే వచ్చింది. ఎడమది రాలేదు. కిరసనాయిలు పోశారు, చుట్టూ మంట పెట్టి వేడి చేశారు, సోమప్ప భుజాలు పడిపోయేదాకా కొట్టాడు. కాసేపు చూసి పాపక్క కొంగు బిగించి సుత్తి లాక్కుంది. "రాళ్లు కొట్టిన చెయ్యి ఇది, జరుగు!" సోమప్ప ఇత్తడి కడ్డీని పిన్ మీద నిలబెట్టి పట్టుకున్నాడు. మూడో దెబ్బకు పిన్ కదిలింది, ఐదో దెబ్బకు కింద పడింది. పాత గ్రీజు తుడిస్తే నిన్న చేసినట్టు మెరిసింది. ముగ్గురూ ఒక్కసారే నవ్వారు.

ఎండ తగ్గేసరికి బండి తయారైంది. పాపక్క కొంచెం దూరం తోలి, దిగి, టైరు జాడలు చూసి తృప్తిగా తల ఊపింది. "ఇప్పుడు నేరుగా పోతా ఉంది," అని అరిచి అత్తిముగం దారి పట్టింది.

కారు పని ఇంకో రెండు రోజులు పట్టింది. బుష్‌లు పిన్నులకు తగ్గట్టు సాపు చేసి, కీళ్లలో కొత్త స్ప్రింగులు వేసి, బాక్సు బిగింపు సడలించి, ప్రతి నట్టూ ఊడకుండా చీల గుచ్చి వంచాడు సోమప్ప. మూడో రోజు పొద్దున్నే జయరామయ్య వచ్చాడు, కారును తానే నడుపుతానని. వాసవాంబ డ్రైవర్ సీట్లో అప్పటికే కూర్చుని ఉంది. అతను కారు చుట్టూ తిరిగి వచ్చి పక్కన ఎక్కాడు.

స్టీరింగ్ వేలెడు తిప్పితే చక్రం వేలెడు తిరిగింది. శూళగిరి దాటారు. మేలుమలై దగ్గర దిగుడు మొదలైంది. జయరామయ్య కాళ్లు నేలకు తన్నిపట్టి, చేత్తో తలుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు. మొదటి మలుపు, రెండో మలుపు. కారు గీత గీసినట్టు రోడ్డుకు ఎడమ పక్కనే దిగింది. అతను తలుపు వదిలి తల్లి చేతులకేసి చూశాడు.

"అమ్మా, ఆరోజు తప్పు నీ చేతులదని అనేసినాను. తప్పైపోయింది."

"ఆ మాట ఇంటికి పోయి చెప్పురా," అంది వాసవాంబ. "ముందర లారీ వస్తా ఉండాది."

హారన్ కొట్టి, స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పి, లారీకి దారి ఇచ్చింది.